మెతుకు పట్టి చూడడం: యాంగాన్ చెప్పిన పాఠం

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా వెతకనక్కర లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు మన పెద్దలు. రసాయనశాస్త్రంలో నమూనా సేకరణకు ఆధారం కూడా ఈ సూత్రమే. అయితే కుండలో వేడి అంతటా సమానంగా అంది ఉండాలి. సమాజం అటువంటి కుండ కాదు. అందుకే సామాజిక శాస్త్రజ్ఞులు ఎన్నో ఇళ్ళు తిరిగి, గడప దగ్గర కూర్చుని ప్రశ్నలు అడిగేవారు. 2020లో కోవిడ్ మహమ్మారి ఆ గడపలను మూసివేసింది.

ఒకనాడు మన పూర్వులు కోరంగి, కాకినాడ రేవుల నుండి ఓడలెక్కి చేరిన రంగూన్, నేటి యాంగాన్, ఈ మార్పుకు చక్కని ఉదాహరణ. మయన్మార్‌లో తొలి కోవిడ్ కేసులు 2020 మార్చి 23న నిర్ధారణ అయ్యాయి. ఆ జూన్ నుండే అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ యాంగాన్‌లోను, దేశ మధ్యభాగంలోని మెట్టప్రాంత గ్రామాలలోను గర్భిణులను, పసిపిల్లల తల్లులను టెలిఫోనులో పలకరించి, ఆదాయమెంత తగ్గింది, ఏమి తింటున్నారు అని అడగసాగింది. 2014 తర్వాత సెల్‌ఫోన్లు చౌకై పల్లెలకు చేరడం వల్లనే ఇది సాధ్యమైంది. 2021 ఫిబ్రవరిలో సైనిక తిరుగుబాటు జరిగి, ప్రయాణాలు ప్రమాదకరమైనాక ఈ పద్ధతి అవసరం మరింత పెరిగింది. ఆ ఏడాది డిసెంబరులో ప్రారంభమైన సర్వేలో 12,000కు పైగా కుటుంబాలు పాల్గొన్నాయి.

లాభం స్పష్టమే. సంవత్సరాలకొకసారి తెలిసే సంగతులు నెలల వ్యవధిలో తెలిశాయి. నష్టమూ ఉంది. పసిబిడ్డ బరువును టెలిఫోనులో తూచలేము. ప్రశ్నలు క్లుప్తంగా ఉండాలి. పక్కనెవరు వింటున్నారో తెలియదు. చదువుకున్నవారు అధికంగా జవాబిస్తే వారి జవాబులకు లెక్కలో విలువ తగ్గించి, తక్కువగా దొరికినవారి జవాబులకు పెంచుతారు. కాని ఫోనే లేని ఇంటి ఆకలిని ఏ గణితమూ పూర్తిగా పూరించలేదు. ప్రయోగశాలలో నా అనుభవమూ ఇదే: సీసాలోకి రాని పదార్థాన్ని ఎంత సున్నితమైన తరాజైనా తూచలేదు.

ఆ రోజుల్లో విదేశాల్లోని మనమందరం ఇటువంటి పరిశోధకులమే కదా! మా అమ్మ ప్రతి ఆదివారమూ ఫోనులో "బాగానే ఉన్నామురా" అనేది. ఆమె పదిరోజులు జ్వరంతో మంచం పట్టిన సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. ఆమె జవాబు అబద్ధం కాదు, అది నా మీది ప్రేమ. అయినా నా లెక్క తప్పింది.

మహమ్మారి సామాజిక శాస్త్రాలకు కొత్త పరికరాన్ని ఇచ్చింది. దానిని వదులుకోనక్కర లేదు. కాని వినిపించిన గొంతులను లెక్కించేటప్పుడు, వినిపించనివి ఎన్నో కూడా అడగాలి. వీలైన నాడు మళ్ళీ గడప దాకా వెళ్ళాలి. కుండ అడుగున ఉన్న మెతుకును కూడా పట్టి చూడాలి.