వెచ్చదనాన్ని ఇంట్లోనే ఆపే వెంటిలేటర్

హీట్ రికవరీ వెంటిలేటర్ అనే యంత్రం ఇంట్లోని మురికిగాలిని బయటికి పంపుతుంది, ఆ గాలిలోని వేడిని మాత్రం చాలావరకు లోపలే ఉంచుతుంది. తెలుగు ఇళ్లలో వెంటిలేటర్ అంటే కిటికీ పైన గోడకు వదిలే చిన్న కంత. దానికి మోటారు అక్కర్లేదు. నడుమ ఆకాశానికి తెరిచి ఉండే కోనసీమ మండువా లోగిలికైతే ఆ కంత కూడా పెద్ద అవసరం కాదు: వేడిగాలి మండువా మీదుగా పైకి పోతుంది, ఆ ఖాళీలోకి వీధి గుమ్మం నుంచి చల్లగాలి వస్తుంది.

చలిదేశాల ఇళ్లు కూడా ఒకప్పుడు తలుపు సందుల్లోంచి, చెక్కల మధ్య నెర్రెల్లోంచి ఊపిరి పీల్చినవే. 1973లో చమురు ధర మండిపోయాక ఆ సందులన్నీ పూడ్చేశారు. ఇంధనం మిగిలింది గానీ వంటగది ఆవిరి, స్నానాల తేమ, మనుషులు వదిలిన గాలి లోపలే నిలిచిపోయాయి. అద్దాల మీద నీళ్లు కారాయి, మూలల్లో బూజు పట్టింది.

దీనికి విరుగుడు కెనడాలోని రెజీనా నగరంలో స్థిరపడింది. అక్కడ చలి కొన్నిసార్లు మైనస్ 40 డిగ్రీలకు దిగుతుంది. 1977లో అక్కడ కట్టిన ‘సాస్కచెవాన్ కన్జర్వేషన్ హౌస్’ రూపకల్పనలో జాతీయ పరిశోధన మండలికి చెందిన హెరాల్డ్ ఓర్, సాస్కచెవాన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ బెసాంట్ ముఖ్యులు. దళసరి గోడలు, గాలి చొరబడని అతుకులు, వాటికి తోడు ప్లాస్టిక్ పొరలతో చేసిన ఉష్ణ మార్పిడి పెట్టె ఆ ఇంటి ప్రత్యేకతలు. అదే ఇంటికి పెట్టిన ఖరీదైన సౌరతాపన ఏర్పాటును తర్వాత తీసేశారు. లోకం నేర్చుకున్నది ఈ సాదా పెట్టెనే.

పెట్టె లోపల పల్చని పలకల వరుస ఉంటుంది. పలకకు ఒకపక్క వెచ్చని పాతగాలి బయటికి పోతుంటే, మరోపక్క చల్లని కొత్తగాలి ఎదురుగా లోపలికి వస్తుంది. రెండూ కలవవు, వేడి మాత్రం పలక దాటుతుంది. లోపల 20 డిగ్రీలు, బయట మైనస్ 20 ఉంటే, 75 శాతం సామర్థ్యమున్న యంత్రం కొత్తగాలిని 10 డిగ్రీలకు తెచ్చి ఇస్తుంది. గదిని వెచ్చబెట్టే పరికరానికి మిగిలేది ఆఖరి 10 డిగ్రీల పనే. మొదటి యంత్రాలను ఏడిపించింది మంచు. పాతగాలిలోని తేమ పలకల మధ్య గడ్డకట్టి దారి మూసేసేది. అందుకే కాసేపు బయటిగాలిని ఆపి, ఇంటి వెచ్చదనంతో ఆ మంచును కరిగించే ఏర్పాటు చేరింది.

పాత ఇంటికి దీన్ని తగిలించేటప్పుడు ముందు సందులు పూడ్చాలి. గోడలే ఊదుతుంటే యంత్రం దండగ. గొట్టాలకు చోటు లేకపోతే గోడలోనే ఇమిడే చిన్నరకం ఉంది. అది లోపలి గాలిని పింగాణీ దిమ్మ గుండా బయటికి వదిలి, నిమిషం అటూఇటూగా దిశ మార్చి, దిమ్మలో దాగిన వేడితో కొత్తగాలిని లోపలికి లాగుతుంది. ఏ రకమైనా వడపోతలు శుభ్రం చేయకపోతే ఆరునెలల్లో మూలుగుతుంది.

కోనసీమలో సముద్రానికి దగ్గరున్న ఉప్పలగుప్తంలో లెక్క తిరగబడుతుంది. బయట 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే కిలో గాలిలో సుమారు 23 గ్రాముల నీరుంటుంది. 24 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న ఏసీ గదిలో అది 9 గ్రాములే. బయటి నుంచి వచ్చే గాలిని చల్లబరచడం కన్నా అందులోని తేమ తీయడానికే నాలుగింతల శక్తి కావాలి. వేడిని మాత్రమే మార్చే పలక ఇక్కడ చాలదు. జపాన్‌లో మిత్సుబిషి ఎలక్ట్రిక్ 1970లో తెచ్చిన ‘లాస్నే’ తరహా కాగితపు పలకలు తేమనూ దాటిస్తాయి, బయటిగాలి చెమ్మలో కొంత భాగాన్ని పోయేగాలికి అప్పగిస్తాయి. మిగిలిన తేమ పని ఏసీదే. ఏసీ ఆపి, గాలి ఆడే సాయంత్రాల్లో కిటికీలు తీస్తే ఈ యంత్రానికీ పని ఉండదు.