బోటు స్టీరింగ్‌కు గ్రీజు: పద్ధతి తెలిస్తే ప్రాణమూ జీతమూ భద్రం

షార్జాలో బోట్ల దగ్గర పనిచేసే మన తమ్ముడొకడు ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, స్టీరింగ్ కేబుల్‌కి గ్రీజు కొట్టాను. పొద్దున బోటు దింపితే స్టీరింగ్ తిరగలేదు. రిపేరు డబ్బులు జీతంలో కోస్తామంటున్నారు."

గ్రీజు కొట్టడం తప్పు కాదు. కొట్టిన పద్ధతిలో తప్పుంది. ఔట్‌బోర్డ్ ఇంజిన్‌కు కేబుల్ స్టీరింగ్ ఉంటే, ముందు స్టీరింగ్ తిప్పి కేబుల్ చివరి రాడ్‌ను పూర్తిగా ట్యూబు లోపలికి పంపాలి. ఆ తర్వాతే నిపుల్‌కి గ్రీజు గన్ పెట్టాలి. రాడ్ బయట ఉండగా కొడితే ట్యూబు గ్రీజుతో నిండిపోతుంది, రాడ్ వెనక్కి పోవడానికి చోటుండదు. స్టీరింగ్ బిగుసుకుపోతుంది. నడి సముద్రంలో ఇలా జరిగితే ప్రాణాలే పోవచ్చు.

మిగతా పనులు:

• ముందు ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, తాళం తీసి జేబులో వేసుకోండి.

• ఉప్పునీటికి కొట్టుకుపోని మెరైన్ గ్రీజే వాడండి.

• ప్రొపెల్లర్, అంటే మన ఫ్యాను, విప్పి వెనకాల వల దారం చుట్టుకుందేమో చూడండి. దారం సీలును కోసేస్తుంది, గేర్లలోకి నీళ్లు పోతాయి. షాఫ్టు పళ్లకు గ్రీజు రాసి బిగించండి.

• గేర్ ఆయిల్ పాలలా తెల్లగా వస్తే నీళ్లు చేరినట్టే. బోటు దించకముందే సూపర్‌వైజర్‌కు చెప్పండి. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి, పై రంధ్రంలో కారేదాకా ఎక్కించాలి.

• హైడ్రాలిక్ స్టీరింగైతే ఆయిల్ తగ్గిందా, ఎక్కడైనా కారుతోందా చూడండి.

• జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. యార్డులో పనికీ ఇదే రూలు.

ఇక జీతం సంగతి. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, కార్మికుడి తప్పు వల్ల గానీ, ఇచ్చిన సూచన మీరడం వల్ల గానీ యంత్రం పాడైతేనే ఆ రిపేరు డబ్బు కోయొచ్చు. ఎన్ని కోతలున్నా అన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. పాత కేబుల్ తుప్పు పట్టి తెగితే అది మీ తప్పు కాదు. ఒక కుటుంబం సొంత బోటు మీద సెయిలర్‌గా ఉన్నవారికి 2022 నాటి 9వ నంబరు ఇంటి పనివారి చట్టం వర్తిస్తుంది.

ఆ తమ్ముడికి ఎవరూ పని నేర్పలేదు. ఇంజిన్ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. చేసిన పనికి రాత లేదు, ఫోటో లేదు. అందుకే వాదించడం చాలా కష్టమైంది. మీరు అలా చేయకండి. పనికి ముందు, తర్వాత ఫోటో తీసి, తేదీ రాసి, సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో పంపండి. తెలియని పని చెబితే "ఒకసారి చూపించండి సార్" అని అడగండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

జీతంలో అన్యాయంగా కోస్తే కార్మిక మంత్రిత్వ శాఖ నంబరు 80084. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 80046342. ఈ రెండు నంబర్లూ ఊళ్లో ఇంటివాళ్ల దగ్గర కూడా రాయించి పెట్టండి.