ఊరికి దూరమైన బడి

ఒకటి నుండి అయిదవ తరగతి వరకు చదివే బిడ్డకు కిలోమీటరు లోపల, ఆరు నుండి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండవలెనని విద్యాహక్కు చట్టం క్రింద కేంద్రం చేసిన నియమాలు చెబుతున్నవి. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అప్పటికి దక్షిణ బస్తర్‌లోని ఎన్నో గోండు, దోర్ల పల్లెలలో బడి మూతపడి కొన్నేళ్ళయింది.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం ఆరంభమైన తరువాత ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయినవి. కొందరు రహదారి పక్కన శిబిరాలకు చేరగా, మరికొందరు సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా అడవులలో తలదాచుకున్నారు. బడి భవనాలలో భద్రతాదళాలు విడిది చేసినవి. దళాలు దిగుతాయన్న కారణం చూపి మావోయిస్టులు పలు భవనాలను కూల్చివేశారు.

వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. నందినీ సుందర్, రామచంద్ర గుహ, విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ అర్జీదారులు. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ తీర్పు వెలువరించారు. బడులు, వసతిగృహాలు ఖాళీ అయినవని అంతకుముందు ప్రభుత్వం చెప్పిన మాట సరికాదనీ, ఇంకా ఎన్నో దళాల అధీనంలోనే ఉన్నవనీ అందులో నమోదైంది. బడి కాగితం మీద తెరుచుకున్నది, అంతే!

ఆ సంవత్సరాలలోనే రహదారుల వెంట వెదురు పలకలతో 'పోర్టా క్యాబిన్' గురుకులాలు వెలసినవి. ఒక్కొక్కటి 500 మందికి. అన్నం పెట్టి, చదువు చెప్పి అవి వేలాది పిల్లలను ఆదుకున్న మాట నిజం. కాని ఆరేళ్ళ పసివాడు తల్లిని విడిచి వెళ్ళవలసి వచ్చింది. అంతకన్న లోతైన నష్టం మరొకటున్నది. ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘంలో కనీసం నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం విధించింది. పంతులు వచ్చాడా, డబ్బు ఏమైనదని అడిగే అధికారం వారిది. బడి అడవి దాటి వెళ్ళిపోతే అడిగేదెవరు? సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలన్న నిబంధన సైతం ఉన్నది. గోండి మన తెలుగుకు చుట్టమే అయినా, పాఠ్యపుస్తకం హిందీలో ఎదురవుతుంది.

2022 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సుక్మా, బీజాపూర్, నారాయణపూర్, దంతెవాడ జిల్లాలలో మూతబడిన 260 బడులను తిరిగి తెరిచింది. పలుచోట్ల పాకలే తరగతి గదులు. 'శిక్షాదూత్' పేరిట నియమించిన స్థానిక యువకులే పంతుళ్ళు. వారిలో కొందరిని ఇన్‌ఫార్మర్లన్న నెపంతో 2025లో మావోయిస్టులు హతమార్చారు. ఏమైనా, ఆ పాకలో పంతులు ఉన్నాడో లేడో పొలానికి వెళ్తూ తల్లి చూడగలదు.