గర్భసంచి పొర మందమైనచో ఆపరేషనే శరణ్యమా?

మన మగ్గపు ఇండ్లలో నలుబది దాటిన స్త్రీలకు బహిష్టు పది పదిహేను దినములు ఆగకుండుట తరచుగా వినుచున్న మాటయే. స్కానింగు తీయించగా “పొర మందముగా నున్నది” అని వచ్చును. వెంటనే “గర్భసంచి తీయించివేయుము, పీడ విరగడగును” అని ఇరుగుపొరుగు సలహా. అప్పు చేసి ఆపరేషను చేయించుకొనువారును కలరు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముపై నూటికి ముగ్గురు. మన బంధువర్గమున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణాలలో నూటికి ఎనిమిదిమందికి పైగా. అనవసరపు ఆపరేషన్లను అరికట్టవలెనని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది.

పొర ఎందుకు మందమగును? ఈస్ట్రోజెన్ అను రసము పొరను పెంచును. అండము విడుదలైన పిమ్మట పుట్టు ప్రొజెస్టిరోన్ ఆ పెరుగుదలను ఆపి, నెలనెలా పొర సక్రమముగా రాలునట్లు చేయును. బహిష్టు ఆగిపోవు ముందటి ఏండ్లలోను, స్థూలకాయులలోను, అండము సరిగా విడుదల కానివారిలోను ఈ రెండవ రసము చాలదు. అందువలన పొర పెరుగుచునే యుండును.

బహిష్టులున్న స్త్రీకి పొర కొలత దినదినమును మారును. నెల చివర 12, 14 మిల్లీమీటర్లుండుట సహజమే. కావున కొలత ఒక్కటే చూచి నిర్ణయింపరాదు. సన్నని గొట్టముతో పొరలోని చిన్న ముక్క తీసి పరీక్షించుటను బయాప్సీ అందురు. తరచుగా దీనికి మత్తుమందు గాని, ఆసుపత్రిలో పడకగాని అక్కరలేదు. చికిత్సను నిర్ణయించునది ఈ పరీక్షయే.

కణములలో వికారము లేదని తేలినచో భయపడనక్కరలేదు. అట్టివారిలో ఇరువది ఏండ్లలో క్యాన్సరుగా మారునది నూటికి ఐదుగురికంటె తక్కువ. వీరికి ప్రొజెస్టిరోన్ జాతి మందులే చికిత్స. లెవోనార్జెస్ట్రెల్ అను మందు గల సాధనమును గర్భసంచిలో అమర్చుట మేలైన పద్ధతి. అది ఏండ్ల తరబడి పనిచేయును. వద్దనుకొన్నవారు మాత్రలు కనీసము ఆరు నెలలు విడువక వాడవలెను. ఆరు నెలలకు మరల బయాప్సీ చేయించవలెను. రక్తము ఆగినదని మధ్యలో మానుట పొరపాటు. రక్తపు గడ్డలు, కాలేయ వ్యాధి, రొమ్ము క్యాన్సరు ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పవలెను. మందుల షాపులో స్వయముగా కొని వాడరాదు.

కండెలు చుట్టుచు, ఆసు పోయుచు గంటల తరబడి కూర్చుండువారు దినమునకు అరగంట నడచుట, అధిక బరువు తగ్గించుకొనుట ఈ చికిత్సకు తోడు. రక్తహీనతకు ఇనుము మాత్రలు వేరుగా వాడవలెను.

అయితే ఆపరేషను ఎన్నడును వద్దని మేమనుట లేదు. కణములలో వికారము కనిపించినచో గర్భసంచి తీయించుటయే సాధారణముగా క్షేమము; సంతానము కోరువారు మాత్రము నిపుణుల పర్యవేక్షణలో మందులు వాడవచ్చును. ముట్లుడిగిన పిమ్మట ఒక్క చుక్క రక్తము కనిపించినను ఉపేక్షింపరాదు. సిగ్గుపడి దాచిన సోదరి తన ప్రాణమునకే ముప్పు తెచ్చుకొనును.

ఒక పోగు తెగినదని పడుగంతయు కోసి పారవేయము గదా! తెగినదెచ్చటనో వెదకి అతుకుదుము. డాక్టరు ఆపరేషనన్నచో, “అమ్మా, బయాప్సీలో ఏమి వచ్చినది? మందులతో నయము కాదా?” అని అడుగుడు. ఆ అడుగుట ఇంటి మగవారి బాధ్యత కూడ.