బండి లాగదు, పొగా రాదు

స్కానర్‌లో ‘ఎయిర్ ఫ్లో సెన్సర్’ అని కనపడగానే కొత్తది తెమ్మని చీటీ రాసిచ్చే పద్ధతి నాకు నచ్చదు. ఆ సెన్సర్ ఖరీదు వేలల్లో ఉంటుంది. కిస్తీలు కట్టుకుంటూ సొంత బండి తోలుకునేవాళ్ళకు అది చిన్న మొత్తం కాదు. బెజవాడ ఆటోనగర్‌లో బండ్ల కరెంటు పని నాది. సెన్సర్ మార్చమని చెప్పేముందు మీటరు పెట్టి చూడాలి, కాగితం మీద లెక్క వేయాలి. ఆ రెండూ అయ్యాకే కొత్త సెన్సర్ మాట.

ఈ వేసవిలో ఒక పాత పికప్ వచ్చింది. 2017 మోడల్, బీఎస్-4, రెండున్నర లీటర్ల టర్బో డీజిల్ ఇంజన్. రైస్ మిల్లుల నుంచి ఇటుక బట్టీలకు ఊక తోలే బండి. ఓనరే డ్రైవరు.

“మేస్త్రీ, ఖాళీ బండయితే ఏదోలా పోతోంది. లోడుతో ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేరుకి దిగాల్సొస్తోంది. చెక్ లైటు కూడా ఆరట్లేదు.”

“పొగేమన్నా వదుల్తోందా?”

“అసలు పొగే లేదన్నా.”

ఆ చివరి మాటతోనే సగం సంగతి తెలిసిపోయింది. ఇలాంటి ఇంజన్లలో మనం యాక్సిలరేటర్ ఎంత తొక్కినా, లోపలికి వచ్చిన గాలిలో కాలగలిగినంత డీజిలే కంప్యూటర్ వదులుతుంది. అంతకు మించి వదిలితే నల్లపొగ వస్తుంది. గాలి తక్కువగా వస్తోందని సెన్సర్ చెబితే కంప్యూటర్ నమ్మి డీజిల్ తగ్గించేస్తుంది. అప్పుడు బండి లాగదు, పొగా రాదు. అదే టర్బో దాటాక ఇంజన్‌కి వెళ్ళే హోస్ చిరిగిందనుకోండి, సెన్సర్ కొలిచిన గాలి దారిలోనే బయటికి పోతుంది, డీజిల్ మాత్రం లెక్క ప్రకారం పడుతుంది. లాగుడు తగ్గడంతో పాటు నల్లపొగ, ఈల వేసినట్టు చప్పుడు ఉంటాయి. అందుకే బండి తెచ్చినవాళ్ళను నేను ముందు అడిగేది పొగ గురించే.

ఇంతకీ గాలిని ఎలా కొలుస్తారు? ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే ఉండే గొట్టంలో ఈ సెన్సర్ ఉంటుంది. దాని లోపల చిన్న సందులో వెంట్రుక కంటే పలచని పొర ఒకటి కరెంటుతో వేడెక్కుతూ ఉంటుంది. వేడి పాలను ఊదితే చల్లారినట్టే, పక్కనుంచి పోయే గాలి ఆ పొర వేడిని లాక్కుపోతుంది. ఎంత వేడి పోయిందో చూసి ఎంత గాలి వెళ్ళిందో కంప్యూటర్ తెలుసుకుంటుంది. వేడి తీగకూ గాలి వేగానికీ ఉన్న సంబంధాన్ని ఎల్.వి. కింగ్ అనే శాస్త్రవేత్త 1914లోనే సూత్రంగా రాశాడు. నూరేళ్ళు దాటిన ఆ లెక్కే ఇవాళ ఊక బండిలో పనిచేస్తోందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

డీజిల్ బండిలో దీనికి ఇంకో పని కూడా ఉంది. పొగగొట్టంలోకి పోయే వాయువును కొంత వెనక్కి మళ్ళించి మళ్ళీ ఇంజన్‌లోకి పంపే వాల్వు ఉంటుంది, దాన్ని ఈజీఆర్ అంటారు. సిలిండర్‌లో మంట వేడి తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. ఆ వాల్వు ఎంత తెరుచుకోవాలో తేల్చేది కూడా ఈ సెన్సర్ రీడింగే. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 కాలుష్య నిబంధనలు వచ్చాక చిన్న సరకు బండ్లవాళ్ళకు కూడా ఈ పేర్లు పరిచయమయ్యాయి.

స్కానర్‌లో పి0101 కోడ్ ఉంది. రీడింగ్ ఉండాల్సినట్టు లేదని మాత్రమే దాని అర్థం. సెన్సర్ పోయిందని ఆ కోడ్ చెప్పదు. ముందు కప్లర్ తీసి చూశాను. పిన్నులకు చిలుము లేదు. కీ ఆన్ చేసి మీటరు పెడితే పన్నెండు వోల్టులు వస్తున్నాయి, ఎర్త్ బాగుంది. ఈ బండిలో ఉన్న అయిదు పిన్నుల రకంలో, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు సిగ్నల్ ఒక వోల్టు దగ్గర ఉండాలి. ఉంది కూడా. అంటే వైర్లలో లోపం లేదు. సెన్సర్ నుంచి టర్బో దాకా ఉన్న రబ్బరు హోస్‌ను వంచి, మడతల్లో లైటు వేసి వెతికాను. అక్కడ పగులుంటే సెన్సర్‌కు తెలియకుండా గాలి లోపలికి దూరుతుంది, తప్పేమో సెన్సర్ మీద పడుతుంది. హోస్ బాగానే ఉంది.

ఇక లెక్క. రెండున్నర లీటర్లు, నాలుగు సిలిండర్లు, అంటే సిలిండర్‌కు 625 మిల్లీలీటర్లు. మన ఎండల్లో లీటరు గాలి 1.1 గ్రాముల పైచిలుకు తూగుతుంది. ఆ లెక్కన సిలిండర్ నిండా గాలి పడితే 700 మిల్లీగ్రాములు. పూర్తిగా ఎప్పుడూ నిండదు కాబట్టి 550 నుంచి 600 దాకా రావాలి. ఈజీఆర్ కప్లర్ పీకేసి వాల్వు మూసుకునేలా చేసి, ఐడిలింగ్‌లో స్కానర్ చూస్తే 390 చూపిస్తోంది. అబద్ధం అక్కడ పట్టుబడింది. గాలి లేనప్పుడు సరిగ్గానే చెబుతోంది, గాలి కదలగానే తగ్గించి చెబుతోంది. పొర మీద దుమ్ము పేరుకున్న సెన్సర్ల లక్షణమిది.

విప్పి చూస్తే లోపల సందులో పసుపుపచ్చని నుసి మెత్తగా అంటుకుని ఉంది. ఊక నలిగితే వచ్చే ధూళి అది, దానికి సన్నటి నూనె తడి తోడైంది. ఇక్కడే చాలామంది కంగారులో సెన్సర్‌ను చంపేస్తారు. గుడ్డతో తుడవకూడదు, బ్రష్ పెట్టకూడదు, కంప్రెసర్ గాలి అసలే కొట్టకూడదు. గోరు తగిలినా ఆ పొర చిరుగుతుంది. కార్బురేటర్ క్లీనర్ కూడా వాడొద్దు. ఈ సెన్సర్ల కోసమే దొరికే స్ప్రేని కాస్త దూరం నుంచి, చుక్కలు శుభ్రంగా రాలేదాకా కొట్టి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. ఒంటి మీద ఉన్న బాణం గుర్తు గాలి వెళ్ళే వైపు ఉండేలా బిగించాలి. కోడ్ చెరిపి స్టార్ట్ చేస్తే రీడింగ్ 560కి వచ్చింది. ఈజీఆర్ కప్లర్ తిరిగి తగిలించి, పీకినందుకు పడ్డ కోడ్ కూడా చెరిపాను. లోడు ఎత్తుకుని వచ్చాక ఫ్లైఓవర్ థర్డ్‌లోనే ఎక్కింది.

కడిగినా రీడింగ్ పెరక్కపోతే కొత్తది వేయక తప్పదు. అప్పుడైనా ఒరిజినల్ కొనండి. నకిలీవాటిలో రీడింగ్ మొదటిరోజే తేడాగా వస్తే మళ్ళీ మొదటికొస్తాం. కొన్ని బండ్లకు పాత సెన్సర్‌తో అలవాటుపడిన లెక్కల్ని స్కానర్‌తో రీసెట్ చేయాలి కూడా.

నుసి అక్కడిదాకా ఎలా వచ్చిందన్నది తేల్చకుండా బండి అప్పగించలేదు. చవక ఫిల్టర్. దాని రబ్బరు అంచు డబ్బాకు ఒక మూల ఆనడం లేదు. ఆ సందులోంచి లోపలి గోడ మీదికి నుసి చార కనిపిస్తోంది. ఇది ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు. ఫిల్టర్ అంచు చుట్టూ పలచగా గ్రీజు రాసి, డబ్బా మూసి క్లిప్పులు వేసి, మళ్ళీ తెరవండి. మూత మీద గ్రీజు గీత తెగకుండా చుట్టూ పడాలి. ఎక్కడ తెగిందో అక్కడినుంచి దుమ్ము పోతోంది. ఊక, సిమెంటు, ఇటుక తోలే బండ్లకైతే పుస్తకంలో రాసిన కిలోమీటర్లలో సగానికే ఫిల్టర్ మార్చేయమంటాను. ఈ ఓనరుకూ అదే చెప్పి, కొత్త ఫిల్టర్‌తో గ్రీజు గీత ఆయన చేతే వేయించి చూపించాను.