బొబ్బిలి మల్లమ్మ, కొరియా యువరాణి



ఈమధ్య ఏ ఇంట్లో చూసినా ఆడపిల్లలు కొరియా రాజుల కాలం నాటి సినిమాలు చూస్తున్నారు. “భాషా తెలీదు, భోగట్టా తెలీదు, ఏం చూస్తారే?” అని మనం విసుక్కుంటాం. ఒక్కపూట పక్కన కూర్చుని, కింద వేసే అక్షరాలు చదువుకుంటూ చూడండి. అంతఃపురం, మంత్రుల ఎత్తులు, వారసుల తగాదాలు. ‘బొబ్బిలి యుద్ధం’ చూసిన కళ్ళకి ఇదేమీ కొత్త కాదు సుమండీ!

నేనుండేది రామతీర్థంలో. మా రాములవారి కోవెలకి విజయనగరం పూసపాటివారు వంశపారంపర్య ధర్మకర్తలు. అంటే బొబ్బిలి కథలో మాది ఎదుటిపక్షం ఊరన్నమాట. అయినా ఆ సినిమా వేస్తే మా వీధిలోనూ బొబ్బిలి కోసమే కళ్ళు తుడుచుకుంటారు.

జరిగిన సంగతి క్లుప్తంగా చెబుతాను. విజయనగరం పెద విజయరామరాజుకీ, బొబ్బిలి రంగారావుకీ పాతపగ. పొలాల నీళ్ళ దగ్గర కూడా గొడవలుండేవట. ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంతో ఇటు వచ్చినప్పుడు విజయరామరాజు ఆయన్ని తనవైపు తిప్పుకున్నాడు. బొబ్బిలి వదిలి వేరేచోటికి పొమ్మంటే రంగారావు ససేమిరా అన్నాడు. 1757 జనవరి 24న ఫిరంగులు పేలాయి. కోట నిలవదని తేలిపోయాక లోపలివాళ్ళు ఏం చేశారో తెలుసా? ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని తామే చంపి, ఇళ్ళకి నిప్పు పెట్టారు. రంగారావు కొడుకు, పసివాడు, ఒక ముసలాయన పుణ్యమా అని బతికాడు. తండ్రి మాట కాదని ఆయన ఆ పిల్లవాణ్ణి కాపాడాడట. మూడోనాటి రాత్రి విజయరామరాజు తన డేరాలోనే కత్తిపోట్లకి బలైపోయాడు. పొడిచినవాడు తాండ్ర పాపారాయుడని జంగంకథల దగ్గర్నుంచి సినిమాల దాకా అందరూ చెబుతారు.

1964లో సి.సీతారాం తీసిన ‘బొబ్బిలి యుద్ధం’లో రామారావుగారు రంగారావు, ఎస్వీ రంగారావుగారు పాపారాయుడు, భానుమతిగారు మల్లమ్మదేవి. రాజనాల విజయరామరాజు. 1986లో దాసరి నారాయణరావు ‘తాండ్ర పాపారాయుడు’ తీస్తే కృష్ణంరాజు ఆ వేషం కట్టారు. రెండింట్లోనూ కత్తులకీ మీసాలకీ లోటు లేదు. కానీ నాకు గుర్తుండేది భానుమతిగారే. ఆవిడ మాట్లాడుతూంటే మల్లమ్మ మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

అయితే ఆ మాటలు మల్లమ్మవి కావు, సినిమా రచయితలవి. కోటలోని ఆడవాళ్ళు ఒక్క అక్షరం రాసినట్టు ఎక్కడా వినం. బొబ్బిలి సంగతి ముందుగా అచ్చులో విస్తరించి చెప్పింది కంపెనీ కొలువులోని ఆంగ్లేయుడు రాబర్ట్ ఓర్మ్. తరవాత చెప్పినవాళ్ళు కథకులు. కత్తి పైకెత్తినప్పుడు మల్లమ్మ తోటి ఆడవాళ్ళు సరేనన్నారా, వద్దని ఏడిచారా? దాన్ని మనం వీరత్వమనే ఒక్క మాటతో సరిపెట్టేస్తున్నాం. నాకు మాత్రం అది మింగుడుపడదు.

ఇక కొరియా చూడండి. బొబ్బిలి కాలిన అయిదేళ్ళకి, 1762లో, అక్కడి రాజు యంగ్జో సొంత కొడుకు సాదోని బియ్యం పోసుకునే చెక్కపెట్టెలో పెట్టించి మూయించాడు. సాదోకి మతి చలించి మనుషుల్ని చంపేవాడు. ఎనిమిదో రోజుకి పెట్టెలోనే ప్రాణం పోయింది. అప్పటికతనికి ఇరవయ్యేడేళ్ళు. భార్య హ్యేగ్యాంగ్‌దీ అదే వయసు. పదేళ్ళ కొడుకుని కాపాడుకోవాలని పళ్ళబిగువున ఊరుకుంది. ఆ కొడుకు 1776లో రాజయ్యాడు. అరవయ్యో ఏట, 1795లో, కలం పట్టింది. పదేళ్ళలో నాలుగు విడతలుగా తన బతుకంతా రాసింది. అదీ దర్బారువాళ్ళు వాడే చైనా లిపిలో కాదు, ఆడవాళ్ళు చదువుకునే కొరియా అక్షరాల్లో! పెట్టెలోవాడు ఎలా పోయాడో, బయటివాళ్ళు ఎలా బతికారో ఆ ఇంటి కోడలే చెప్పింది.

దర్బారు చరిత్రకారులూ తక్కువవాళ్ళు కారు. వాళ్ళ రాతల్ని రాజు చూడకూడదని కట్టడి. 1404లో ఒక రాజు గుర్రం మీంచి పడి, “ఇది చరిత్రకారుడికి తెలియనివ్వకండి” అన్నాడట. ఆ మాటతో సహా రాసిపెట్టారు!

2015లో లీ జూన్ ఇక్ తీసిన సినిమాకి ‘సాదో’ అనే పేరు. ఇంగ్లీషువాళ్ళు ‘ద త్రోన్’ అన్నారు. సాంగ్ కాంగ్ హో తండ్రి, యూ ఆ ఇన్ కొడుకు. ఈసారి మీ అమ్మాయి చూస్తూంటే కోడలి వేషం వేసిన మూన్ గ్యూన్ యంగ్‌ని గమనించండి. ఏడుపు తక్కువ, చూపు ఎక్కువ. తరవాత ఎప్పుడైనా ‘బొబ్బిలి యుద్ధం’ కూడా ఆ అమ్మాయికి చూపించండి. పెట్టె సన్నివేశాలకి మాత్రం చిన్నపిల్లల్ని పక్కన ఉంచకండేం, రాత్రి జడుసుకుంటారు.