70 శాతం తగ్గింపు టెంటు: కొనేముందు చూడాల్సినవి

చలికాలం వచ్చిందంటే తాడిపత్రి నుంచి పిల్లాపాపలతో గండికోటకు బయల్దేరేవాళ్లు ఎక్కువవుతారు. తాడిపత్రిని ఆనుకుని పారిన పెన్నమ్మే అక్కడ ఎర్రమల కొండలను కోసి లోయ చేసింది. ఆ లోయ అంచున రాత్రికి టెంటు వేసుకుని, తెల్లవారి సూర్యోదయం చూడాలన్నది చాలామంది ముచ్చట. టెంట్లు అద్దెకిచ్చేవాళ్లు అక్కడే ఉన్నారు. అయినా సొంతానికి ఒకటుంటే బాగుండునని ఫోను తెరిస్తే చాలు, నలుగురు పట్టే ఫ్యామిలీ టెంటు 70 శాతం తగ్గింపు అంటూ బొమ్మలు వరసకడతాయి. కొనబోయేవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ 70 శాతం దేనిమీద?

మామూలుగా అది ఎమ్మార్పీ మీద. అంతకు మించి అమ్మకూడదన్న హద్దును ఎమ్మార్పీ చెబుతుంది. వస్తువు విలువ ఎంతో అది చెప్పదు. పదివేలని ముద్రించి మూడువేలకు అమ్మినా, నాలుగువేలని ముద్రించి మూడువేలకు అమ్మినా సంచిలో ఉండే టెంటు అదే. అలాగని తగ్గింపులన్నీ బూటకమూ కాదు. ఆగిపోయిన మోడల్, గిరాకీ లేని రంగు, సీజను దాటాక మిగిలిన సరుకు నిజంగానే చవగ్గా వస్తాయి. ఆ సరుకు ఎన్నేళ్లుగా మిగిలిపోయిందన్నదే తేల్చుకోవాలి.

ఎందుకంటే టెంటు వాడకపోయినా పాతబడుతుంది. ఇప్పటి టెంట్లలో ఎక్కువ భాగం పాలిస్టర్ గుడ్డవి. ఆ గుడ్డ ఒక్కటే నీటిని ఆపలేదు, పోగుల సందుల్లోంచి దిగిపోతుంది. అందుకని లోపలివైపు పాలీయూరిథేన్ (పీయూ) అనే ప్లాస్టిక్‌ను పలచగా పూస్తారు. వేడి, తేమ కలిస్తే ఈ పూతలోని అణువుల గొలుసులు మెల్లగా తెగిపోతాయి. రసాయన శాస్త్రంలో దీని పేరు జలవిశ్లేషణ. ముందు పూత జిగురుగా అవుతుంది, పుల్లటి కంపు మొదలవుతుంది, ఆపైన తెల్లటి పొరలుగా రాలుతుంది. తడిగా మడిచిపెట్టినా, వేడెక్కే గోడౌన్లో ఏళ్ల తరబడి పడున్నా ఇది తొందరగా జరుగుతుంది.

దీన్ని కనిపెట్టడానికి కొనేవాళ్ల చేతిలో ఒక ఆధారం ఉంది. 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ప్యాకెట్టు మీద ఎమ్మార్పీతో పాటు తయారైన నెల, సంవత్సరం ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం కూడా ముద్రించాలి. తగ్గింపు శాతం చూసిన కళ్లతోనే ఆ తేదీనీ చూడాలి. నాలుగైదేళ్ల కిందటిదైతే మడతలు విప్పి లోపలివైపు వేలితో రుద్ది, వాసన చూడనిదే తీసుకోకూడదు.

ఇక ప్రకటనల్లో కనిపించే ‘పీయూ 2000 మి.మీ.’ సంగతి. గుడ్డ మీద నీటిని స్తంభంలా నిలబెట్టి ఎత్తు పెంచుకుంటూ పోతారు. గుడ్డకు అవతల మూడు చోట్ల చుక్కలు పొడిచినప్పటి ఎత్తే ఆ అంకె. 1000 మి.మీ. అంటే చదరపు సెంటీమీటరుకు 100 గ్రాముల ఒత్తిడిని ఓర్చుకుంటుందన్నమాట. పైకప్పుకు 1500 నుంచి 2000 ఉంటే మామూలు వానకు ఢోకా లేదు. అడుగు పట్టా లెక్క వేరు. 60 కిలోల మనిషి మోకాళ్ల మీద కూర్చున్నాడనుకుందాం. బరువంతా 150 చదరపు సెంటీమీటర్ల మీద పడితే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 400 గ్రాములు, అంటే 4000 మి.మీ.తో సమానం. కింద తడి నేల ఉంటే బలహీనమైన పట్టాలోంచి నీరు పైకి ఉబుకుతుంది. అందుకే కప్పుకూ అడుగుకూ అంకెలు విడివిడిగా ఇచ్చారో లేదో చూడాలి.

తాడిపత్రి వైపు వానకన్నా పెద్ద పరీక్షలు మూడున్నాయి: ఎండ, గాలి, బండ. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మి.మీ. దరిదాపుల్లోనే. అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లో కురిసిపోతుంది. జనవరి రాత్రి కోసం 5000 మి.మీ. పైకప్పుకు డబ్బు పోయడం దండగ.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు నైలాన్‌నూ పాలిస్టర్‌నూ రెండింటినీ దెబ్బతీస్తాయి, కాకపోతే నైలాన్ ముందు బలహీనపడుతుంది. పైగా అది తేమ పీల్చి సాగి వదులవుతుంది. ఈ ప్రాంతపు కుటుంబానికి పాలిస్టరే మేలు. దాని పోగు మందాన్ని డెనియర్లలో చెబుతారు. 9000 మీటర్ల పోగు 75 గ్రాములు తూగితే అది 75 డెనియర్. ‘190టీ’ అన్నది ఒక చదరపు అంగుళంలోని పడుగు, పేకల మొత్తం లెక్క. టీ అంకె ఒక్కటే పెద్దదిగా కనిపిస్తే గుడ్డ గట్టిదని అర్థం కాదు, డెనియర్‌తో కలిపి చదవాలి.

1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా థామస్ మన్రో ఈ నేలంతా డేరాల్లో బస చేస్తూ తిరిగాడు. ఆ కాలపు నూలు డేరా బరువు, కానీ గాలి ఆడుతుంది. తడిస్తే పోగులు ఉబ్బి సందులను అవే మూసేస్తాయి. పూత పూసిన పాలిస్టర్‌కు ఈ గుణం లేదు. నలుగురు నిద్రపోతే ఊపిరి, చెమటల ద్వారా రాత్రికి సుమారు లీటరు నీరు ఆవిరిగా బయటికొస్తుంది. చల్లబడ్డ కప్పుకు అందులో కొంత చెమ్మగా పట్టి పొద్దున బొట్లుబొట్లుగా రాలుతుంది. టెంటు కారుతోందని చాలామంది పొరబడేది ఇక్కడే. ఎదురెదురుగా దోమతెర కిటికీలు, లోగుడ్డకూ పైకప్పుకూ మధ్య జానెడు ఖాళీ ఉంటే ఈ బాధ బాగా తగ్గుతుంది.

గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు ఏడున్నర కిలోల బరువుతో నెడుతుంది. టెంటు పక్కభాగం నాలుగు చదరపు మీటర్లుంటే ముప్పై కిలోలు. దాన్ని మోసేవి కడ్డీలు. గుండ్రటి కడ్డీ బిగువు దాని మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 7.9 మి.మీ. ఫైబర్‌గ్లాస్ కడ్డీ కన్నా అదే రకం 9.5 మి.మీ. కడ్డీ రెండింతలు గట్టిది. ఈ చిన్న తేడాను ప్రకటనలు పైకి చెప్పవు. ఫైబర్‌గ్లాస్ నిలువునా చీలి చేతికి గుచ్చుకుంటుంది, అల్యూమినియం వంగుతుంది గానీ అప్పటికి పని నడిపిస్తుంది. మెరక మీద బస చేయాలనుకునేవాళ్లు అల్యూమినియానికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

తాడిపత్రి బండలు ఇళ్ల గచ్చులకు పేరుమోసినవి. అలాంటి రాతి నేలలో, గండికోట అంచు మీది రాతిలో గూటం దిగదు. సొరంగంలా పొడవుగా ఉండే టెంట్లు గూటాలు లేందే నిలబడవు. కడ్డీలు ఒకదాన్నొకటి దాటుతూ తమంతట నిలబడే గుమ్మటం టెంటును మాత్రం తాళ్లతో బరువైన రాళ్లకు కట్టేయవచ్చు. ఇక్కడ కొనాల్సింది అదే.

‘నలుగురికి’ అన్న మాటను టేపుతో కొలవాలి. అడుగు 240, 210 సెంటీమీటర్లయితే 240 వైపు పక్కపక్కన పడుకున్నా మనిషికి దక్కేది 60 సెంటీమీటర్లు. సంచులకు చోటే లేదు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలకు అది చాలు. నలుగురు పెద్దలైతే ఆరుగురి టెంటు చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు తిరిగిచ్చే గడువు ముగియకముందే మిద్దె మీద టెంటు వేసి చూడాలి. పగటిపూట లోపల కూర్చుని జిప్పులు మూస్తే కుట్ల సూదిరంధ్రాల్లోంచి వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. ఆ కుట్ల మీద లోపలివైపు టేపు అతికించి ఉండాలి. గోటితో అంచు లేపితే లేచిపోకూడదు. కుళాయి గొట్టంతో పది నిమిషాలు నీళ్లు కొట్టి మూలలు తడిమి, పూర్తిగా ఆరాకే మడవాలి. ప్రకటనలో చెప్పిందొకటి, సంచిలో వచ్చింది వేరొకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

విలువను రాత్రుల లెక్కన కడితే బేరం తేలిపోతుంది. మూడువేల టెంటు ఆరు రాత్రులకే చిరిగితే రాత్రికి ఐదువందలు. ఆరువేలది నలభై రాత్రులు నిలిస్తే నూటయాభై. ఏడాదికి ఒక్క రాత్రే వెళ్లే కుటుంబమైతే గండికోటలో అద్దెకు తీసుకోవడమే లాభం. కొనేవాళ్లు మాత్రం తయారీ తేదీ లేని ప్యాకెట్టును, కుట్లకు టేపు లేని పైకప్పును ఎంత తగ్గింపిచ్చినా ఇంటికి తేవద్దు.